వడుగన్, మద్రాసీ, అరవోడు

హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన మొదటి వారం. క్యాంటీన్‌లో పక్కన కూర్చున్నాయన నా మాట కాసేపు విని, "మీ తెలుగు బాగుందండీ, ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. "మా అమ్మ దగ్గర" అన్నాను. జోకనుకుని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. కొత్త ఉద్యోగం కదా.

ఆ సాయంత్రానికి ఆఫీసులో నా పేరు 'అరవాయన' అయిపోయింది. అంతకుముందు ఏడాది ఢిల్లీలో నేను 'మద్రాసీ'ని. దానికి ముందు కోయంబత్తూరు హాస్టల్లో నాలుగేళ్ళు 'గొల్టి'ని. తెలుగు అన్న మాటను తిరగేస్తే ఆ మాట వచ్చిందని అక్కడ చెప్తారు. మూడు ఊళ్ళు, మూడు పేర్లు. మనిషిని మాత్రం ఒక్కణ్ణే. మా అమ్మ చేసిన ఊరగాయ సీసా కూడా మూడు ఊళ్ళూ తిరిగింది.

మాది హోసూరు దగ్గర పల్లె. తమిళనాడులో ఉంది. బెంగుళూరు నలభై కిలోమీటర్లు, చెన్నై మూడు వందల పైచిలుకు. మా ఊరు 1965 దాకా సేలం జిల్లాలో ఉండేది, తర్వాత ధర్మపురి జిల్లా అయింది, 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. ఊరు ఉన్నచోటనే ఉంది, పైన పేర్లే మారాయి. ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, సంతలో కన్నడం. చిన్నప్పుడు ఇవి మూడు భాషలని కూడా మాకు తెలీదు. అంగడాయనతో ఒక తీరుగా మాట్లాడాలి, అవ్వతో ఒక తీరుగా మాట్లాడాలి, అంతే అనుకునేవాళ్ళం. అయ్యవారి ముందు కూర్చున్నట్టు మేనమామ ముందు కూర్చోం కదా, అట్లాగన్నమాట.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 'మద్రాసు మనదే' అని నినదించినవాళ్ళకు మద్రాసు రాలేదు, హోసూరు సంగతి అడిగినవాళ్ళు మరీ తక్కువ. అప్పుడు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న రాజాజీ పుట్టింది మా హోసూరు పక్కనున్న తొరపల్లిలోనే. ఈ సంగతి చెప్తే తెలుగు మిత్రులకు ఏదో కుట్ర కనిపిస్తుంది. నాకైతే మా పక్క ఊరాయన పెద్ద పదవిలో ఉన్నాడన్న సంబరమే మా తాత మాటల్లో వినిపించేది.

*

తమిళంలో మమ్మల్ని వడుగర్ అంటారు. చాలా పాత మాట, సంగం పద్యాల్లోనే ఉంది. 'వడ' అంటే ఉత్తరం, వడుగులంటే ఉత్తరాదివాళ్ళు. కావేరి ఒడ్డున నిలబడి చూస్తే తెలుగు నేల ఉత్తరానే కదా ఉంది! అది తిట్టేం కాదు, దిక్కు చూపించడం. మద్రాసీ అన్నదీ అంతే. యమున ఒడ్డున నిలబడినవాడికి వింధ్య దాటిందంతా ఒకటే మద్రాసు. "కాదు భాయ్, మాది తెలుగు" అని ఢిల్లీలో మేము అద్దెకున్న ఇంటాయనకు ఓపిగ్గా చెప్పాను. "అదే, మద్రాసీ" అన్నాడు. ఆయన పొరపాటు పడ్డాడని అప్పుడు అనుకున్నాను. నిజానికి ఆయన నా గురించి ఏమీ చెప్పలేదు. తను ఎక్కడ నిలబడి ఉన్నాడో చెప్పాడు.

ఇంకా సరదా సంగతి ఒకటుంది. తెనుగు అన్న మాట ఎట్లా పుట్టిందన్నదానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. త్రిలింగం నుంచి వచ్చిందని కొందరంటారు. 'తెన్' అంటే దక్షిణం కాబట్టి దక్షిణాదివాళ్ళు అన్న అర్థంలో తెనుగు పుట్టిందని ఇంకొందరంటారు. రెండోదే నిజమైతే చూడండి: మనకు మనం పెట్టుకున్న పేరుకు దక్షిణాదివాళ్ళమని అర్థం, పక్కింటివాళ్ళు పెట్టిన పేరుకు ఉత్తరాదివాళ్ళమని అర్థం. రెండూ ఒకే జనానికి. ఏదీ అబద్ధం కాదు.

రేవుల్లో పుట్టిన పేర్లు ఇంకో రకం. కాకినాడ పక్కన కోరంగి అని రేవు ఉండేది. 1839 తుఫాను దాన్ని ఊడ్చేసింది గానీ పేరు మాత్రం ఓడెక్కి బర్మా పోయింది. అక్కడ తెలుగు కూలీలందరూ 'కోరంగీ'లే. శ్రీకాకుళం నుంచి పోయినా, కోరంగిని కళ్ళతో చూడకపోయినా సరే. మలయా వైపు పోయినవాళ్ళు 'కెలింగ్' అయ్యారు, కళింగం నుంచి వచ్చిన మాట. ఒకప్పుడు అది మామూలు పేరే. పోనుపోను తిట్టయింది, తమిళులకూ అదే తగిలించారు. తంజావూరాయన తాను కళింగుడెట్లా అయ్యాడో తెలియకుండానే ఆ తిట్టు పడ్డాడు. తెల్లవాళ్ళయితే మన భాషను చాలాకాలం 'జెంటూ' అన్నారు. పోర్చుగీసువాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్న మాట, క్రైస్తవం తెలియని అన్యమతస్తుడని దానర్థం. అంటే అన్నమయ్య పాడింది 'అన్యమతస్తుల భాష'లో!

మనమేమీ తక్కువ తినలేదు. తమిళం మాట్లాడేవాడు మనకు అరవోడు, ఆ భాష అరుపులా ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని మనకొక పిట్టకథ. 'అరువనాడు' అన్న పాత తమిళ ప్రాంతం పేరు నుంచి వచ్చి ఉండొచ్చని చెప్పే పండితుల మాట ఎవరికి కావాలి, అరుపు కథే బాగుంటుంది. గుజరాతీ వ్యాపారి మనకు మార్వాడీ, మణిపురి పిల్ల మనకు నేపాలీ. ఏడెనిమిది తరాలుగా గుంటూరు మిర్చి తప్ప ఇంకోటి ఎరగని ముస్లిం మనకు 'తురక'. ఆయన తాతల్లో ఒక్కడైనా టర్కీ ముఖం చూశాడా? ఢిల్లీ ఇంటాయన మీద నాకున్న కోపం హైదరాబాదు వచ్చాక సగం తగ్గింది, ఇందుకే.

*

2011 ఫిబ్రవరిలో నేను ఊళ్ళో ఉండగా జనాభా లెక్కల టీచరమ్మ మా ఇంటికొచ్చింది. తమిళావిడ. ఒక్కొక్కరికీ వరసగా అడుగుతూ పోయి మా నాయన దగ్గర "తాయ్‌మొళి?" అంది. మాతృభాష ఏదని.

మా నాయన ఆలోచనలో పడ్డాడు. మా అవ్వది ఆనేకల్ వైపు ఊరు, కన్నడం ఇల్లు. పెళ్ళయి వచ్చాక తెలుగు నేర్చుకుంది. టీచరమ్మ నియమం చదివి వినిపించింది. చిన్నప్పుడు అమ్మ మీతో ఏ భాషలో మాట్లాడిందో అదే మాతృభాష, అమ్మ చిన్నప్పుడే పోయుంటే ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. లెక్కల్లో నిజంగా అట్లాగే ఉంది.

"ముద్దు చేస్తే కన్నడం, తిడితే తెలుగు" అన్నాడు మా నాయన.

"ఒకటే రాయాలి సార్. ఏది జాస్తి?"

లోపల్నుంచి మా అమ్మ అంది: "తిట్లే జాస్తి. తెలుగని రాసుకోమ్మా."

అట్లా మా నాయన తెలుగువాడయ్యాడు. తమిళం, కన్నడం తర్వాతి గళ్ళలోకి పోయాయి, వచ్చిన ఇతర భాషలు రెండు దాకా రాసుకుంటారు కాబట్టి. మా అవ్వ జోలపాట ఆ రెండో వరసలో ఎక్కడో ఉంది.

ఆ లెక్క బయటికొచ్చింది 2018లో. తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు దాదాపు 42 లక్షలు, నూటికి ఆరుగురి కంటే కాస్త తక్కువ. దేశంలో మొత్తం తెలుగువాళ్ళు 8 కోట్ల 11 లక్షలు. 2001లో మూడో స్థానంలో ఉన్న తెలుగును మరాఠీ దాటి నాలుగో స్థానానికి నెట్టిందని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గగ్గోలు పుట్టింది. నన్ను అరవాయన అన్న మిత్రుడే 'మన తెలుగు పడిపోతోంది' అని వాట్సాప్‌లో పెద్ద సందేశం పంపాడు. ఆ 8 కోట్ల చిల్లరలో మా నాయన కూడా ఉన్నాడని, అదీ అవ్వ తిట్ల పుణ్యమాని ఉన్నాడని, ఆయనకు జవాబు రాద్దామనుకుని మానేశాను. స్థానం పడిపోయినప్పుడు మేము తెలుగువాళ్ళం, క్యాంటీన్‌లో అరవవాళ్ళం.

*

ఇంతా చెప్పాక, "అందుకే నాకు ఈ ముద్రలే వద్దు, నేను మనిషిని" అంటానని మీరు అనుకుంటుంటే పొరబాటు. ఆ మాట నాకు అసలు రుచించదు. మా ఆఫీసులో ఒకాయన తరచూ అంటాడు, "నాకు భాషా లేదు, ప్రాంతమూ లేదు, కులమూ లేదు, ఐ యామ్ జస్ట్ హ్యూమన్" అని. ఆయనకు తన భాషలో బడి ఉంది, సినిమా ఉంది, బస్సు బోర్డు ఉంది, అసెంబ్లీ ఉంది. నీళ్ళలో ఉన్న చేప నాకు దాహం లేదన్నట్టు ఉంటుంది ఆ మాట. ముద్ర లేకుండా బతకగలగడం అందరికీ దొరికే సౌకర్యం కాదు.

మా ఊరి బడి సంగతి చెప్తాను. నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను, సర్కారు బడిలో, తమిళనాడులో. ఇది హైదరాబాదులో చాలామంది నమ్మరు. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలంటుంది. ఎంతమంది పిల్లలుంటే ఒక పంతులు? దీనికి 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రులు ఒక లెక్క కట్టారు: తరగతిలో పదిమంది, లేదా బడి మొత్తంలో నలభై మంది. పదిమంది. తొమ్మిదైతే లేదు.

ఆ పదిమందిని ఎట్లా లెక్కపెడతారు? ముద్ర చూసే. దరఖాస్తులో 'మాతృభాష' గడిలో తెలుగని రాసినవాళ్ళే తెలుగు పిల్లలు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ గడిలో తమిళమని రాసినవాడు పంతులును పోగొడతాడు. 2006లో తమిళనాడు తమిళ బోధన చట్టం తెచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతిలో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకి, 2015-16కు పదో తరగతికి చేరేటట్టు తమిళం మొదటి భాషగా తప్పనిసరి చేశారు. ఉన్న ఊరి భాష నేర్చుకోమనడంలో నాకు తప్పు కనబడదు, మేమందరం నేర్చుకున్నవాళ్ళమే. కానీ అమ్మభాష అదనపు పాఠమైపోయిన బడిలో అమ్మభాష పంతులు ఎన్నాళ్ళుంటాడు? భాషా మైనారిటీ బడులవాళ్ళు కోర్టులకెక్కి మినహాయింపులు తెచ్చుకుంటూ వచ్చారు. ఆ కోర్టు కాగితాల్లో మేమెవరం? 'తెలుగు లింగ్విస్టిక్ మైనారిటీ'. ఒంటికి సరిపడని చొక్కా లాంటి మాట. అయినా చలికి ఉన్నది అదొక్కటే.

ముద్ర వద్దన్నవాళ్ళకు ఏమవుతుందో చూడాలంటే మారిషస్ చూడాలి. అక్కడి రాజ్యాంగం జనాన్ని నాలుగు వర్గాలుగా చేసింది: హిందువులు, ముస్లిములు, చైనా మూలాలవాళ్ళు, మిగిలినవాళ్ళంతా 'సాధారణ జనాభా'. ఎన్నికల్లో ఓడినవాళ్ళలోంచి కొందరిని వర్గాల తూకం కోసం పార్లమెంటుకు తీసుకునే పద్ధతి ఉంది కాబట్టి, పోటీ చేసేవాడు తనది ఏ వర్గమో రాయాల్సిందే. అక్కడి తెలుగువాళ్ళు ఉగాది చేసుకుంటారు, రామభజనలు పాడతారు, తాము వేరే సముదాయమని గట్టిగా చెప్పుకుంటారు. రాజ్యాంగం లెక్కలో మాత్రం వాళ్ళు హిందువుల్లో ఒక భాగం. ఏ వర్గమూ రాయమని మొండికేసిన అభ్యర్థుల నామినేషన్లు కొట్టేశారు. 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ఇది తప్పంది. వర్గాల వారీ లెక్కలు తీసింది 1972లో, ఆ పాత లెక్కతోనే ఇంకా మనిషిని గడిలో కూర్చోబెడుతున్నారు, ఇదెక్కడి న్యాయమని. నన్నడిగితే అక్కడ ముద్ర ఉండటం కంటే పెద్ద తప్పు, దాన్ని మార్చుకునే వీలు లేకపోవడం.

అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు బడి ఫారంలో 'ఏషియన్ ఇండియన్' అని టిక్కు పెడతాడు. ఆ గడి 1980 జనగణనలో వచ్చింది. 1970లో మనవాళ్ళను తెల్లవాళ్ళలో కలిపేశారు. 1920 నుంచి 1940 దాకా మనది 'హిందూ' అనే జాతి! సిక్కు అయిన భగత్ సింగ్ థిండ్‌ను కూడా 1923లో అక్కడి సుప్రీంకోర్టు హిందువనే పిలిచి, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావంటూ పౌరసత్వానికి పనికిరావంది. మా అక్క కొడుక్కి ఇదంతా చెప్తే, "మామా, ఇట్స్ జస్ట్ ఎ ఫార్మ్" అన్నాడు. వాడి అదృష్టం.

*

ఇక్కడి దాకా నా వాదన సాఫీగానే నడిచింది. ముద్ర సరిపోకపోయినా దాన్ని పట్టుకుని ఉండాలి, దానితో బడి వస్తుంది, పంతులు వస్తాడు. చాలా ఏళ్ళు ఇదే చెప్పాను. హోసూరులో తెలుగు సంఘాల సభల్లో మైకు పట్టుకుని కూడా చెప్పాను.

ఆ సభలు ఎట్లా జరుగుతాయంటే, మొదట తిరుమల నాయకుడి మధుర, రఘునాథ నాయకుడి తంజావూరు. తర్వాత తిరువయ్యారులో కూర్చుని తెలుగులో పాడిన త్యాగయ్య. తర్వాత 1799లో తెల్లవాళ్ళు కయత్తారులో ఉరితీసిన వీరపాండ్య కట్టబొమ్మన్, ఆయన పూర్వీకులు తెలుగువాళ్ళే. ఇడైసెవల్ అనే నల్లరేగడి నేల పల్లెలో తెలుగింట పుట్టి, తమిళంలో రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న కి. రాజనారాయణన్ పేరు ఎవరైనా చదువుకున్నాయన ఎత్తుతాడు. చప్పట్లు. కి. రా.ను తమిళులు తమవాడంటారు, మేము మావాడంటాం. ఆయన రాసిన తమిళం ఆ పల్లె నోట్లోంచి వచ్చింది, ఆ నోరు ఇంటికెళ్తే తెలుగు మాట్లాడేది. ఏ గడిలో రాస్తారు ఆయన్ని?

ఇదే మాట మీద తమిళ జాతీయవాదుల వేదికల మీద ఇంకో రకం ఉపన్యాసం నడుస్తుంది. అక్కడ మా పేరు 'వందేరి', అంటే వచ్చి చేరినవాళ్ళు. విజయనగర కాలంలో వచ్చినవాడు ఐదారు వందల ఏళ్ళ తర్వాత కూడా వచ్చి చేరినవాడేనా? దీనికి కోపం తెచ్చుకుని హైదరాబాదు వస్తే ఇక్కడ 'సెటిలర్' అన్న మాట చెవిన పడింది. గుంటూరు నుంచి వచ్చి నలభై ఏళ్ళయినవాణ్ణి, ఇక్కడ పుట్టిన వాళ్ళ పిల్లల్ని కూడా ఆ మాటతో పిలిచేవాళ్ళున్నారు. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ గొడవలు, 1969 తెలంగాణ ఉద్యమంలో కాల్పులు, ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళ కోపం, ఆ మాట వెనక ఉన్న చరిత్ర తేలికైనదేం కాదు. అందుకే రెండింటినీ ఒకే గాటన కట్టను. చెవికి మాత్రం ఒకేలా వినిపించాయి.

నా వాదన తడబడింది వేరే చోట. మా తరగతిలో నా పక్కన కూర్చున్నవాడి నాన్న పంచాయతీలో పారిశుధ్య పని చేసేవాడు. అరుందదియర్లు. తమిళనాడు పడమటి జిల్లాల్లో వాళ్ళు ఎక్కువ, చాలామంది ఇళ్ళలో తెలుగే. తోలు పని, ఊరు ఊడ్చే పని తరతరాలుగా వాళ్ళ నెత్తిన పెట్టారు. వాళ్ళకు ఇంకో పాత పేరుంది. తిట్టుగా వాడీవాడీ అరగదీసిన పేరు, ఇక్కడ రాయను. దాన్ని వదిలి ఈ పేరు వాళ్ళు ఎంచుకున్నారు. 2009లో ఎస్సీల 18 శాతంలోంచి వాళ్ళకు విడిగా 3 శాతం కేటాయిస్తూ తమిళనాడు చట్టం చేసింది. ఇట్లాంటి ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తేల్చింది.

వాడి తెలుగూ నా తెలుగూ ఒకటే. 'శానా' అంటాం, 'ఈడ' 'ఆడ' అంటాం, 'ఉండాది' అంటాం. తెలుగు పరీక్షలో వాడికే నాకంటే ఎక్కువ మార్కులు. కానీ నేను మైకు పట్టుకున్న ఆ తెలుగు సభల్లో వాడి వాడ నుంచి వేదిక మీద ఒక్కరూ ఉండేవాళ్ళు కాదు. సభ అయ్యాక హాలు ఊడవడానికి ఉండేవాళ్ళు. వాళ్ళలో వాళ్ళు తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళు. ఇది నాకు అప్పుడు కనిపించలేదు. కనిపించిందేమో, వింతగా అనిపించలేదు. ఏది నిజమో ఇప్పుడు నాకే తెలీదు.

నాకు తెలుగు అంటే నాయకరాజుల దర్బారు. తెలుగు అని చెప్పుకుంటే నాకు వెనక ఒక కోట నిలబడుతుంది. అదే మాట వాడు చెప్పుకుంటే వాడి వెనక ఏం నిలబడుతుంది? తమిళ వేదికల మీద వందేరి అన్న మాట వాడికీ తగులుతుంది, కోటలో వాటా మాత్రం లేదు.

*

మా పాప హైదరాబాదులో పుట్టింది. నేను 'శానా' అంటే "చాలా అనాలి నాన్నా" అని దిద్దుతుంది. దాన్ని ఎవరైనా మీదే ఊరని అడిగితే 'హైదరాబాద్' అని ఠక్కున అంటుంది. నేను ఆ జవాబు ఎప్పుడూ అంత వేగంగా చెప్పలేదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికత అంటే ఒకటి నుంచి ఏడు తరగతుల్లో కనీసం నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నదే లెక్క. ఆ లెక్కన పాప స్థానికురాలు, నేను కాను. నాకు తగిలిన ముద్రలన్నిటిలో ఇది కాస్త మర్యాదగలదనిపిస్తుంది. రక్తం అడగదు, ఇంటిపేరు అడగదు, యాస వినదు. నాలుగేళ్ళు ఏ బడి బెంచీ మీద కూర్చున్నావని అడుగుతుంది. పొట్ట చేతపట్టుకుని ఏటా ఊరు మారే కూలీ పిల్లలు దీనికీ దొరకరు, నిజమే. అయినా తాతలనాటి లెక్కల కంటే నయం.

ఇప్పుడు మళ్ళీ జనాభా లెక్కలు. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఈసారి కులం కూడా అడుగుతారు. అందరి కులాల లెక్కలూ చివరిసారి బయటికొచ్చింది 1931 జనాభా లెక్కల్లోనే. ఊళ్ళో మా పాత బడిలో తెలుగు తరగతికి పదిమంది నిండడం లేదని, నాకు పాఠం చెప్పిన అయ్యవారు ఫోన్ చేశారు. రిటైరై చాలా ఏళ్ళయింది, అయినా ఆయనకదే దిగులు. "మీ వాళ్ళకు చెప్పు నాయనా, ఫారాల్లో తెలుగని రాయించమను, పిల్లోళ్ళను ఆడ చేర్చమను" అన్నారు. నాకు మొదట గుర్తొచ్చింది నా పక్క బెంచీవాడే. వాడిప్పుడు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటరు. ఇద్దరు పిల్లలు, పెద్దది మూడో తరగతి. ఫోన్ చేశాను.

నా వాదనంతా చెప్పాను. 350ఎ, పదిమంది లెక్క, కోర్టు కాగితాలు. వాడు ఓపిగ్గా విన్నాడు. వెనక వాడి కూతురు దేనికో గోల చేస్తుంటే మధ్యలో "ఈడ్నే ఉండు పాపా, వస్తా ఉండా" అన్నాడు. మా అమ్మ గొంతులో విన్నట్టే ఉంది.

"చూడప్పా" అన్నాడు తర్వాత. "నువ్వు తెలుగని రాయిస్తే నాయకర్ల వంశం అంటారు. నేను రాయిస్తే యాడ్నించో వచ్చి చేరినోళ్ళు, మాకు రావాల్సిన మూడు పర్సెంటు గుడక వీళ్ళకే పోతావుండాదని అంటారు. ఇంట్లో తెలుగే. అది యాడికీ పోదు. ఫారంలో తమిళమని రాయిస్తా. పిల్లోళ్ళు తమిళంలో చదివి, ఈడ ఉద్యోగాలు చేయనీ."

"అట్లయితే మన బడి మూతపడుతుంది" అన్నాను.

"మన బడా?" అన్నాడు. కోపం లేదు గొంతులో. కాసేపాగి అడిగాడు. "నీ కూతురు ఆడ ఏ మీడియం?"

"ఇంగ్లీషు" అన్నాను.